చేతిలోని ప్రతికే పద్దు

సభికులందరికీ నమస్కారం. రికార్డులు, క్యాసెట్లు, సీడీలు పోగుచేసే అలవాటున్నవారి ముందు ఆ అలవాటు గొప్పతనం గురించి మాట్లాడటం అనవసరం. కనుక నేరుగా, సేకరణలోని వాటికి పట్టికలో పద్దు రాయడం దగ్గరికే వస్తాను. ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి.

చాలా ఏళ్ల కిందట నా అరల్లో ఒకే ఆల్బము రెండు ప్రతులు కనబడ్డాయి. అట్ట మీద బొమ్మ ఒకటే, పాటల వరుస ఒకటే, పాడినవారూ వారే. అప్పటికి నా పట్టికలో ఆల్బము పేరు, కళాకారుల పేరు, సంవత్సరం అనే మూడు గడులు మాత్రమే ఉండేవి. ఆ మూడింటిలోనూ రెండు పద్దులు పొల్లుపోకుండా ఒకేలా ఉండటంతో, రెండోది దండగ అనుకుని, అట్ట కాస్త నలిగిన ప్రతిని ఒక మిత్రునికి ఇచ్చేశాను. కొన్ని నెలల తరువాత ఆయన ఇంట్లో కూర్చుని వింటూంటే, నాకు బాగా తెలిసిన ఒక పాట నేను ఎదురుచూసిన చోట ఆగకుండా మరికొన్ని క్షణాలు సాగింది. అట్ట తిప్పి చూస్తే ఒక మూలన చిన్న అక్షరాలతో మోనో అని ఉంది, అంటే శబ్దమంతా ఒకే ధారగా వచ్చే రూపం. నా దగ్గర మిగిలినది శబ్దాన్ని ఎడమ, కుడి ధారలుగా విడదీసే స్టీరియో. 1960లలో చాలాకాలం పాటు రికార్డు సంస్థలు ఒకే ఆల్బమును ఈ రెండు రూపాల్లోనూ విడుదల చేసేవి. రెండింటికీ శబ్దాల కూర్పు విడివిడిగా జరిగేది కనుక ఒకదానిలో పాట నిడివి ఎక్కువ కావచ్చు, ఒకదానిలో వినబడే వాద్యం మరొకదానిలో లోతుకు పోవచ్చు. ఆ అక్షరాలు నా కళ్లెదుట మొదటినుంచీ ఉన్నాయి. పట్టికలో వాటికి గడి లేదు కాబట్టి నా చూపు వాటి మీద నిలవలేదు. మిత్రుడు తిరిగి ఇస్తానన్నా నేను పుచ్చుకోలేదు. బుద్ధి రావడానికి ఆ మాత్రం మూల్యం చెల్లించాలి కదా.

అప్పటినుంచి నేను పాటిస్తున్న నియమం ఒక్కటే. పద్దు రాయవలసింది పాట గురించి కాదు, ఆల్బము గురించి కూడా కాదు, మన చేతిలో ఉన్న ఆ ఒక్క ప్రతి గురించి. ఈరోజు నేను చెప్పే మాటలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఆల్బము అనే మాటే ఒక వస్తువు నుంచి పుట్టింది. లక్కతో చేసిన 78 భ్రమణాల రికార్డుల కాలంలో 10 అంగుళాల రికార్డు మీద ఒక వైపు సుమారు 3 నిమిషాలు, 12 అంగుళాల దాని మీద 4 నిమిషాల పైచిలుకు సంగీతం పట్టేది. ఒక పెద్ద సింఫనీని వినాలంటే నాలుగైదు రికార్డులు కావలసి వచ్చేది. వాటిని ఫొటోలు దాచుకునే పుస్తకం లాంటి గట్టి అట్టల మధ్య, కాగితపు సంచుల్లో పెట్టి అమ్మేవారు. ఆ పుస్తకానికే ఆల్బము అని పేరు. 1948లో కొలంబియా సంస్థ నిమిషానికి 33 1/3 సార్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును, అంటే ఎల్పీని తెచ్చి, ఒక్కో వైపు 20 నిమిషాలు దాటి పట్టించినప్పుడు పుస్తకం అవసరం తీరిపోయింది గాని పేరు మిగిలిపోయింది. మరుసటి ఏడే ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 45 భ్రమణాల చిన్న రికార్డును తెచ్చింది. 1963లో ఫిలిప్స్ వారి క్యాసెట్, 1982లో సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన సీడీ వచ్చినా మనం ఆల్బము అనే అంటున్నాం.

ఆ పాత పుస్తకాల వల్ల నాకు జరిగిన మరో పరాభవం ఇక్కడే చెప్పేస్తాను. మూడు రికార్డుల సంపుటి ఒకటి దొరికితే తెరిచి చూశాను. మొదటి రికార్డుకు ఒక వైపు 1, వెనుక 6 అని ఉంది. రెండో దానికి 2, 5. మూడో దానికి 3, 4. కర్మాగారంలో లేబుళ్లు తారుమారు అయ్యాయని తీర్మానించుకుని, పద్దులో ‘లేబుళ్లు తప్పు’ అని ధీమాగా రాసి పెట్టాను. నిజానికి అది ఆటోమేటిక్ ఛేంజర్ అనే యంత్రం కోసం చేసిన అమరిక. రికార్డులను కడ్డీ మీద దొంతరగా పెడితే అవి ఒకదాని తరువాత ఒకటి కిందికి జారి 1, 2, 3 వైపులు వరుసగా మోగుతాయి. తరువాత దొంతర మొత్తాన్ని తిరగేసి పెడితే 4, 5, 6 వస్తాయి. సంపుటిలో తప్పేమీ లేదు, తప్పంతా నా పద్దులోనే ఉంది. అందుచేత ఇప్పుడు నేను కంటికి కనబడినది ఒక గడిలోనూ, దాని మీద నా ఊహను వేరే గడిలోనూ రాస్తున్నాను. ‘1/6, 2/5, 3/4’ అన్నది చూసినది, ‘తప్పు’ అన్నది ఊహ. ఊహ మారితే దిద్దుకోవచ్చు. చూసినదాన్నే రాయకుండా వదిలేస్తే రికార్డును మళ్లీ బయటికి తీయక తప్పదు.

గ్రంథాలయాల వారు ఈ చిక్కును మనకంటే ముందే, మనకంటే లోతుగా ఆలోచించారు. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 1998లో ప్రచురించిన ఒక నమూనా, దేనినైనా నాలుగు మెట్లుగా చూడమంటుంది. రచన, దాని ఒక అభివ్యక్తి, ఆ అభివ్యక్తి అచ్చయిన రూపం, ఆ రూపంలో ఒక ప్రతి. వినడానికి శుష్కంగా ఉన్నా, సంగీతం దగ్గరికి తెస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ బాఖ్ కూర్చిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను 1955లో ఒకసారి, 1981లో మరోసారి రికార్డు చేశాడు. ఊరు ఒకటే, న్యూయార్క్. స్టూడియో ఒకటే, సంస్థ ఒకటే, కూర్పు ఒకటే, వాయించినవాడు ఒకడే. కాని మొదటిది సుమారు 38 నిమిషాల్లో పరుగెత్తుతుంది, రెండోది 51 నిమిషాలు తీసుకుంటుంది. పట్టికలో ‘బాఖ్, గోల్డ్‌బెర్గ్, గూల్డ్’ అని మాత్రమే రాసుకున్నవారికి ఇవి రెండూ ఒకటే. రచన ఒకటి, అభివ్యక్తులు రెండు. ఇక 1955 నాటి వాదనాన్ని తీసుకుంటే అది ఎల్పీగా, క్యాసెట్‌గా, సీడీగా ఎన్నోసార్లు వెలువడింది. ఆ ఒక్కొక్కటీ ఒక రూపం. ఆ రూపాల్లో ఒకదానికి చెందిన, మూల విరిగిన అట్టతో నా అరలో ఉన్నది ఒక ప్రతి. పద్దు ఆ చివరి మెట్టు నుంచి మొదలై పైకి పోవాలి గాని, పైనుంచి కిందికి రాబోయి మధ్యలో ఆగిపోకూడదు.

ఇంటర్నెట్‌లో ఇంత సమాచారం ఉండగా మనం మళ్లీ రాసుకోవడం ఎందుకని చాలామంది అడుగుతారు. రికార్డుల వివరాలు పోగుచేసే వెబ్‌సైట్లు డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ రెండూ 2000 సంవత్సరంలోనే మొదలయ్యాయి, వేలాదిమంది వినియోగదారుల చేతి చలవతో పెరిగాయి. ఒక ఆల్బము వివిధ విడుదలలను ఒక గొడుగు కిందికి తెచ్చి, ఒక్కొక్క విడుదలకు వేరే పుట ఇవ్వడం రెండింటిలోనూ ఉంది. నేను వాటిని రోజూ వాడతాను, వాటికి రుణపడి ఉన్నాను. అయినా అక్కడున్న పుట మరొకరు తమ ప్రతిని చూసి రాసినది. పేరు వెతికి, మొదట కనబడిన పుటను నొక్కి ‘నా సేకరణలో చేర్చు’ అనేస్తే మన పట్టికలో చేరేది ఆ పెద్దమనిషి రికార్డే, మనది కాదు. బార్‌కోడును ఫోనుకు చూపించినా ఇదే గండం. ఒకే బార్‌కోడుతో ఏళ్ల తరబడి, వేర్వేరు కర్మాగారాల్లో ముద్రణలు జరిగిన ఆల్బములు బోలెడు. సరైన పుట ఏదో తేల్చవలసింది వస్తువు మీద ఉన్న గుర్తులే.

ఆ గుర్తుల్లో మొదటిది అట్ట వెన్ను మీద, లేబుల్ మీద కనబడే క్యాటలాగు సంఖ్య. ఇది సంస్థ తన సరుకుకు పెట్టుకున్న సంఖ్య. పునర్ముద్రణ జరిగినా మారకపోవచ్చు. ఒక్కోసారి అట్ట మీద ఒకటి, లేబుల్ మీద మరొకటి ఉంటుంది, అప్పుడు రెండూ రాయాలి. లోపలి రికార్డు మరో అట్ట నుంచి వచ్చి చేరిందేమో అన్న అనుమానం అలాంటప్పుడే మొలకెత్తుతుంది.

రెండో గుర్తే అసలైనది. రికార్డులో చివరి పాట ముగిశాక, లేబుల్‌కు ముందు గాడులు పలచబడి నునుపుగా కనబడే ఒక వలయం ఉంటుంది. అక్కడ గోటితో గీసినట్టుగా గాని, ముద్ర కొట్టినట్టుగా గాని కొన్ని అక్షరాలు, అంకెలు ఉంటాయి. వీటిని మ్యాట్రిక్స్ సంఖ్య అంటారు. శబ్దాన్ని మొదట లాకర్ అనే పూత పూసిన పళ్లెం మీద గాడిగా చెక్కుతారు. దానిమీద లోహపు పూత పోసి విడదీస్తే గాడులు గట్లుగా తేలిన అచ్చు వస్తుంది. దాని నుంచి తల్లి అనే మరో పళ్లెం, తల్లి నుంచి ముద్రలు వేసే స్టాంపర్లు తయారవుతాయి. ఏ పళ్లెం నుంచి ఏది పుట్టిందో కర్మాగారంలో గుర్తుపట్టడానికి గీసుకున్న అక్షరాలే మన రికార్డు దాకా దిగివచ్చాయి. అంటే అది సంస్థ మనకు చెప్పుకున్న మాట కాదు, పనివాళ్లు తమలో తాము చెప్పుకున్న మాట. అందుకే దాని మీద నాకు ఎక్కువ నమ్మకం. గాడి చెక్కినవారు తమ పొడి అక్షరాలు, ఒక్కోసారి ఒక చమత్కారం కూడా అక్కడ గీసిపెట్టేవారు. ఇంగ్లండుకు చెందిన జార్జ్ పెకమ్ అనే ఇంజనీరు తాను చెక్కిన రికార్డుల మీద ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’ అని రాసేవాడు. ఆ నాలుగు మాటలు కనబడితే చాలు, చెవులు రిక్కించుకునే శ్రోతలు నేటికీ ఉన్నారు.

వీటిని చదవడానికి ఓపిక కావాలి. పైనుంచి పడే వెలుతురులో ఏమీ కనబడదు. బల్ల దీపాన్ని బాగా కిందికి దించి, వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టి, రికార్డును అంచుల దగ్గర రెండు అరచేతుల మధ్య పట్టుకుని మెల్లగా తిప్పుతూ పోవాలి. అక్షరం నీడగా ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది. చదివినంతవరకు రాసి, ఇంకోసారి తిప్పి సరిచూడాలి. కొట్టివేసిన అక్షరాలు ఉంటే వాటిని కూడా కొట్టివేసినట్టుగానే రాయాలి. రెండు వైపులకూ వేర్వేరుగా రాయాలి, ఎందుకంటే మొదటి వైపు కొత్తగా చెక్కి, రెండో వైపు పాత అచ్చే వాడిన రికార్డులు ఉన్నాయి.

సంవత్సరం దగ్గర జరిగినన్ని తప్పులు మరెక్కడా జరగవు. రికార్డుల మీద సున్నా చుట్టిన ‘సి’ అక్షరం, సున్నా చుట్టిన ‘పి’ అక్షరం అని రెండు గుర్తులు ఉంటాయి. మొదటిది అట్ట బొమ్మకు, రాతకు ఉన్న హక్కును సూచిస్తుంది. రెండోది ధ్వని ముద్రణకు ఉన్న హక్కును సూచిస్తుంది. రెండింటి పక్కనా సంవత్సరాలు ఉంటాయి, అవి ఒకటే కావాలని లేదు. పైగా ఆ రెండూ మన చేతిలో ఉన్న ప్రతిని ముద్రించిన సంవత్సరం కాకపోవచ్చు. 1973 అని ఉన్న సీడీని తీసుకోండి. సీడీ అమ్మకానికి వచ్చిందే 1982లో కదా, మరి ఆ పళ్లెం 1973లో ఎలా తయారవుతుంది? సంగతి ఇంత తేటగా ఉన్నా, పట్టికల్లో ‘సీడీ, 1973’ అనే పద్దులకు కొదవ లేదు. నేను మూడు గడులు పెట్టుకున్నాను. పాడిన లేక వాయించిన సంవత్సరం ఒకటి, ఆల్బము తొలిసారి వెలువడిన సంవత్సరం ఒకటి, ఈ ప్రతి ముద్రణ కాలం ఒకటి. మూడోది చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది, లేదా ‘ఫలానా ఏడు తరువాత’ అని ఉంటుంది. సీడీ నడిమి రంధ్రం చుట్టూ సన్నని అక్షరాల్లో ఐఎఫ్‌పీఐ (రికార్డు సంస్థల అంతర్జాతీయ సమాఖ్య) అని మొదలయ్యే సంకేతం ఉంటే ఆ పళ్లెం 1994కు ముందుది కాదని చెప్పవచ్చు, ఆ సంకేతాలు అప్పుడే అమల్లోకి వచ్చాయి గనుక. ఇలాంటి ఆధారం దొరకనప్పుడు గడి ఖాళీగా ఉంచడానికి సిగ్గుపడనక్కర లేదు.

సీడీల గురించి మరో మాట. మామూలు సంగీత సీడీలో పాటల పేర్లే ఉండవు. కంప్యూటర్‌లో పెట్టగానే పేర్లు ప్రత్యక్షమవుతున్నాయంటే అవి పళ్లెం నుంచి వచ్చాయని కాదు. పాటలు ఎక్కడెక్కడ మొదలవుతున్నాయో, మొత్తం నిడివి ఎంతో లెక్కగట్టి, ఆ లెక్కకు సరిపోయే పద్దును కంప్యూటరే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. లెక్క కలిసిన వేరే ఆల్బము పేరు తెచ్చి పెట్టడం అరుదేమీ కాదు. ఒకసారి నా వయొలిన్ సీడీకి ఎవరిదో హాస్య ప్రసంగాల పేర్లు వచ్చి కూర్చున్నాయి. చూసుకోకుండా అలాగే భద్రపరిచిన ఘనత కూడా నాదే.

ఇక పేర్ల సంగతి. ఒక్క రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ పేరునే ఆంగ్ల, జర్మన్, ఇటాలియన్ సంస్థలు తమ తమ వర్ణక్రమాల్లో రాస్తే, కొన్ని ‘టి’ దగ్గరికి, కొన్ని ‘సి’ దగ్గరికి పోతాయి. హంగరీ రికార్డుల మీద ఆ దేశపు స్వరకర్త పేరు బార్తోక్ బేలా అని ఇంటిపేరు ముందు వస్తుంది, ఇతర దేశాల రికార్డుల మీద బేలా బార్తోక్ అవుతుంది. అట్ట మీద ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో రాసి, వెతకడానికి వాడే స్థిరమైన పేరును మరో గడిలో రాయడం తప్ప దీనికి మార్గం లేదు. ఆ స్థిరమైన పేర్లన్నిటికీ ఒక చిన్న జాబితా విడిగా ఉండాలి, కొత్త పద్దు రాసే ప్రతిసారీ దాన్ని చూసే రాయాలి. శాస్త్రీయ సంగీతంలో రచనల పేర్లూ ఇంతే. మోత్సార్ట్ రచనలకు వరుస సంఖ్యలు కేటాయించి 1862లో పట్టిక ప్రచురించిన లుడ్విగ్ ఫాన్ కోహెల్ వృత్తిరీత్యా సంగీత విద్వాంసుడు కాడు. న్యాయశాస్త్రం చదివి, మొక్కలనూ ఖనిజాలనూ పరిశీలించిన మనిషి. ఖనిజాలకు చీటీలు అంటించిన చేత్తోనే సంగీతానికీ అంటించాడని అనుకోవడం నాకు ఇష్టం. 40వ సింఫనీని ఏ భాషలో ఏ పేరుతో అచ్చువేసినా కోహెల్ సంఖ్య 550 అని రాసుకుంటే అన్నీ ఒకచోటికి చేరతాయి.

ప్రతి స్థితి గురించి క్లుప్తంగా చెబుతాను. రికార్డు వ్యాపారంలో వాడే మెట్లలో ‘మింట్’ అన్నింటికంటే పైది. దాని కింద ‘నియర్ మింట్’, ‘వెరీ గుడ్ ప్లస్’, ‘వెరీ గుడ్’ వస్తాయి. వాటి తరువాత గాని ‘గుడ్’ రాదు. అంటే ‘బాగుంది’ అన్నది ఆచరణలో ‘బాగా లేదు, కాని మోగుతుంది’ అని అర్థం. ఈ మర్యాదకు లోబడటం నాకు చేతకాక, నేను మాటల్లోనే రాస్తాను: ‘రెండో వైపు మూడో పాట మొదట్లో గీత, ఆరు సార్లు టిక్కుమంటుంది’. అట్ట స్థితి వేరు, రికార్డు స్థితి వేరు, రెండూ విడిగా ఉండాలి. ఏ తేదీన చూశామో కూడా రాయాలి, ఎందుకంటే స్థితి మారుతుంది. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో ఏళ్ల తరబడి ఉంచిన రికార్డుల మీద పొగ పట్టినట్టు మరక ఏర్పడుతుంది. సీడీలో మెరిసే వైపు పడిన గీతకంటే లేబుల్ వైపు పడిన గీత ప్రమాదం, ఎందుకంటే సమాచారం ఉన్న లోహపు పొర ఆ వైపునే పలచని పూత కింద ఉంటుంది.

ప్రతికి ఒక వరుస సంఖ్య ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చిన క్రమంలో 1, 2, 3 అని ఇస్తే చాలు. అందులో గాయకుని పేరు, సంగీత రకం ఇరికించబోతే నాలుగేళ్లలో ఆ పద్ధతి మనకే అర్థం కాకుండా పోతుంది. సంఖ్యను లేబుల్ మీద రాయకండి, బాల్‌పెన్నుతో అయితే మరీ వద్దు. ఆమ్లం లేని కాగితపు ముక్క మీద మెత్తని పెన్సిలుతో రాసి అట్టలో పెట్టండి. అరలో ఏ క్రమంలో పెట్టుకోవాలన్నది ఎవరి ఇష్టం వారిది, నాకు అందులో పెద్ద పట్టింపు లేదు. పట్టికలో అర సంఖ్య ఉంటే ఏ క్రమమైనా పనిచేస్తుంది. నిలువుగా నిలబెట్టాలి, ఒరగనివ్వకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ఎల్పీలు ఒక మీటరు వరుస 50 కిలోలు దాటుతుంది గనుక, పుస్తకాల కోసం చేసిన పలచని చెక్క అరల్ని నమ్మకండి. మధ్యలో వంగిన చెక్క రికార్డులను వంచుతుంది.

పట్టికను ఏ సాఫ్ట్‌వేర్‌లో రాసినా, అందులో ఉన్నదంతా మామూలు అక్షరాల దస్త్రంగా బయటికి తీసుకునే వీలుందా అని మొదటిరోజే పరీక్షించండి. నేను వాడిన రెండు ప్రోగ్రాములు నా కళ్లముందే కనుమరుగయ్యాయి. మొదటిదానితో పాటు నా పద్దులు 400 పోయాయి, రెండోసారి పోలేదు. ఇప్పుడు ఏడాదికొకసారి మొత్తం కాగితం మీద అచ్చుతీసి మొదటి అరలోనే పెడుతున్నాను. మొదటి పుటలో గడుల అర్థాలు, నేను వాడే పొడి అక్షరాలు రాసి ఉంటాయి. నేను లేనప్పుడు ఆ అర తెరిచేవారికి నన్ను అడిగే అవకాశం ఉండదు కదా.

ఈ బల్ల మీద దీపం, రెండు రికార్డులు పెట్టాను. రెండూ ఒకే ఆల్బము, ఒకే క్యాటలాగు సంఖ్య, ఒకే అట్ట. అంచులు పట్టుకుని, మెల్లగా తిప్పి, లోపలి వలయంలో ఏముందో చదవండి. ఎడమ పక్కనున్న దాని మీద నాలుగో గుర్తు 1 అని కొందరు, 7 అని కొందరు అంటున్నారు. నా పట్టికలో ఇప్పటికీ రెండూ రాసి, పక్కన ప్రశ్నార్థకం ఉంచాను. చూపు చురుకైనవారు ముందుగా రండి.